బొగ్గుపెళ్ల

“బొగ్గుపెళ్ల అన్నవా, అనలేదా? ముందుగాల గది చెప్పు పోశవ్వా.”

వార్డెన్ అనసూర్య మేడం వంటింట్లకే వచ్చి అడిగింది. గేటు బయట యువజన సంఘపోళ్లు టెంటేసి, మైకు పెట్టి, “ఆడపిల్ల రంగును ఎక్కిరిచ్చిన వంటమనిషిని తీసెయ్యాలె” అని ఒర్రుతున్నరు. గోదావరిఖనిల గీ ఆడపిల్లల హాస్టలొకటి ఉన్నదని నిన్నటిదాక ఒక్కనికి యాదికి లేదు. ఇయ్యాల ఊరంత గీన్నే ఉన్నది.

“అన్న మేడం. ముద్దుకు అన్న,” అన్నది పోశవ్వ. చపాతీల పిండి చేతులకు ఇంకా అట్లనే ఉన్నది.

అయ్యింది గింతే. హాస్టల్ పిల్ల సహస్ర రాష్ట్రం కబడ్డీ పోటీలల్ల పతకం తెచ్చింది. సన్మానం చేసుకుంట తలా ఒక ముచ్చట చెప్పుమన్నరు. రోజు ఆ పిల్లకు బువ్వ పెట్టే పోశవ్వ మైకు అందుకొని, “గీ పిల్ల నా బొగ్గుపెళ్ల. నల్లగ నిగనిగలాడుతది, ఒక్కపారి అంటుకుంటె ఆగది” అన్నది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. బొగ్గుబాయిల మీద బతికే ఊర్ల అంతకన్న పెద్ద మెప్పు ఏముంటది? ఎవలో ఫోన్ల పట్టి ఊరి మీద వదిలిండ్రు. పుణ్యానికి పోతె పాపం ఎదురైనట్టు, తెల్లారెవరకు మెచ్చుకున్న మాట తిట్టయి కూసున్నది.

“మా ఆయిన బాయి దిగి బొగ్గు తీస్తెనే మా ఇంట్ల పొయ్యి ఎలిగింది మేడం. గది తిట్టెట్లయితది?”

“నాకు తెలుసు. బయటున్నోళ్లకు తెల్వాలె గద. పైనుంచి ఒకటే ఫోన్లు. ఆళ్లు సల్లవడకుంటె నీ కొలువు నేను ఆపలేను.”

మొగడు సచ్చినంక వంటింటి పక్క అర్రనే పోశవ్వకు ఇల్లు. కొలువు పోతె తలదాసుకునే జాగ గూడ పోతది.

తలుపు కాడ నిలవడి ఇంటున్న సహస్ర సక్కగ టెంటు కాడికి ఉరికింది. యువజన సంఘం అధ్యక్షుడు కొమురెల్లి ఆమెను చూసి మైకు పక్కకు పెట్టిండు.

“అన్నా, అవ్వ నన్ను తిట్టలే. మెచ్చుకున్నది.”

“నీకు తెల్వదు చెల్లె. నిన్ను అవమానం చేసింది.”

“నాకు అవమానం కాలే అన్నా.”

“గదే మరి. అవమానమైనా గూడ తెల్వకుంట చేసిండ్రు మనల్ని.”

చుట్టున్నోళ్లు తలకాయలు ఊపిండ్రు.

“అవ్వ కొలువు పోతది అన్నా. ఆమెకు ఎవ్వలు లేరు.”

“ఒక్క అవ్వ కోసం ఉద్యమం ఆగుతదా? నువ్వు ఫికర్ చెయ్యకు. మేమున్నం.”

సహస్ర అక్కడికీ ఊకోలేదు. రూంలకు పోయి తన ఫోన్లనే వీడియో తీసి పెట్టింది. ‘పోశవ్వ నన్ను బొగ్గుపెళ్ల అంటె నాకు ఇష్టం. దయచేసి ఆమెను ఏమనకుండ్రి.’ గడియసేపట్లనే కింద రాతలు మొదలైనయి. పిల్లను బెదిరిచ్చి చెప్పిచ్చిండ్రని ఒకడు, కండ్లల్ల భయం కనవడుతున్నదని ఇంకొకడు. పోశవ్వతోని పాటు వార్డెన్‌ను గూడ తీసెయ్యాలని మూడోవాడు. సాయపడదామని పోయి పిల్ల ఇంకింత మన్ను పోసింది.

ఆఖరికి కొమురెల్లి ఒక దారి చెప్పిండు. ముసల్ది అందరి ముంగట తప్పు ఒప్పుకుంటె టెంటు తీసేస్తమన్నడు. అనసూర్య మేడం పోశవ్వ చెయ్యి పట్టుకొని తోలుకపోయింది. ముంగట అన్ని ఫోన్లే. పోశవ్వ కొంగు నిండ కప్పుకొని దండం పెట్టింది.

“తప్పయింది నాయినా. గా పిల్ల నల్లగ లేదు. నా కండ్లకే గట్ల కొట్టింది.”

నల్లపిల్లి, కాకి అని బడిల ఎంతమంది ఎక్కిరిచ్చినా ఏడ్వని సహస్ర, గా మాటకు మొకం దాసుకొని ఏడ్సింది. లోకంల తన నలుపును చూసి మురిసింది ఆ ఒక్క మనిషే. ఆ మనిషి నోటితోనే లేదనిపిచ్చిండ్రు.

పోనీ, గంతటితోనన్న అయిపోయిందా? “నల్లగ లేదని చెప్పుడేంది? అంటె నలుపు తక్కువనా?” అని మల్ల లొల్లి లేసింది. పొద్దూకకముందే పోశవ్వను తీసేస్తున్నమని పైనుంచి మాట వచ్చింది. కొమురెల్లికి దండలేసి పటాకులు కాల్చిండ్రు.

తెల్లారి మంచిర్యాల బస్సు కోసం పోశవ్వ సంచి పట్టుకొని బస్టాండ్ల నిలవడ్డది. చెల్లె ఇంటికి పోతున్నది. ఆ చెల్లె రమ్మన్నది లేదు, వద్దన్నది లేదు. తోలియ్యనీకి వచ్చిన సహస్ర ఎదురుంగ చూసి, చూపు తిప్పుకోలేకపోయింది. రాత్రికి రాత్రి కట్టిన కొత్త ఫ్లెక్సీ. కొమురెల్లి, ఆయన దోస్తులు పిడికిళ్లు లేపి ఉన్నరు. నడుమల పతకం పట్టుకొని ఒక పిల్ల.

“ఏం రాసిండ్రు బిడ్డా?” అని అడిగింది సదువు రాని పోశవ్వ.

“నల్లగా పుట్టడం నేరమా? మన సహస్ర రంగే మన గౌరవం.” పిల్ల మెల్లగ సదివింది.

పోశవ్వ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని ఫ్లెక్సీని కింది నుంచి మీదికి చూసింది.

“మంచిగనే రాసిండ్రు. గని పతకం పట్టుకున్న గా తెల్ల పిల్ల ఎవలు బిడ్డా?”