కామాక్షిగారి సందేహాలు

"కామాక్షిగారికి మళ్లీ ఏదో సందేహం వచ్చింది," అంటూ జనార్ధనరావు చొక్కా తొడుక్కున్నాడు. మెడకి పౌడరు కూడా రాశాడు.

మంగతాయారు రుబ్బురోలు మీంచి తలెత్తలేదు. ఇంట్లో మిక్సీ పాడై నెల దాటింది. నాచారం ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు మోటార్లు బాగుచేసి రిటైరైన మనిషి దాని మూతైనా విప్పి చూడలేదు. కానీ ఇంటర్నెట్‌లో ఏదో గుంపు ఉందిట. ఊరూ పేరూ తెలియనివాళ్లు తమ ఇళ్లల్లో పాడైన సామాన్ల గురించి అందులో అడుగుతారట. ఈయనలాంటివాళ్లు ఊరికే చెబుతారట.

"ఈసారి ఏం పోయిందిట మహాతల్లికి?"

"గ్రైండరు. బెల్టు జారుతోందిట."

"ఆవిడకి మొగుడు లేడా?"

"నీలా వెటకారం చెయ్యదు తాయారూ. చెప్పింది శ్రద్ధగా వింటుంది. నిన్న అందరూ చూసేలా నన్ను గురువుగారూ అని రాసింది."

"గురువుగారే! ముందు ఇంట్లో కొళాయి కారకుండా చూడండి."

అతను వినిపించుకోకుండా చెప్పులేసుకున్నాడు. మూడు నెలలుగా ఇదే వరస. గుంపులో ఎంతమంది ఉన్నా ఆయన నోట వచ్చేది ఆ ఒక్క పేరే. తన కాపురం సంగతి ఈ పూట తేలిపోవాలనుకుని మంగతాయారు చెయ్యి కడుక్కుని వెనకే బయల్దేరింది.

ఉప్పల్ రోడ్డు మీద ఇంటర్నెట్ సెంటర్ పోశయ్యది.

"జనార్ధనరావుగారు వచ్చారా?"

"వచ్చిండమ్మా. సారు ఒక్కరోజు గూడ తప్పడు. పక్కపక్కన రెండు కంప్యూటర్లు తీసుకుంటడు."

"రెండెందుకు?"

పోశయ్య పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "నన్నేం అడుగుతరు? లోపలికి పోయి మీరే సూడున్రి."

ఆవిడ ఒళ్లు మండిపోయింది. గుంపూ లేదు, గాడిదగుడ్డూ లేదు, ఊళ్లోనే ఉందన్నమాట!

చెక్క అడ్డం చాటునుంచి తొంగిచూసింది. జనార్ధనరావు రెండు వేళ్లతో గ్రైండరు బెల్టు వైద్యం టైపు చేస్తున్నాడు. పక్క కుర్చీ ఖాళీ. దాని ముందున్న కంప్యూటరులో సగం రాసిన ఉత్తరం, పైన కామాక్షి అని పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగుని మంగతాయారు కూడబలుక్కుని చదివింది.

'గురువుగారూ, మీరే లేకపోతే మా ఇల్లు ఏమైపోయేదో...'

సిగ్గులేని మనిషి! ఎక్కడికి లేచి వెళ్లిందో, ఉత్తరం పూర్తిచేయడానికైనా రాక తప్పదు. మంగతాయారు కొంగు బిగించి కాచుకుంది.

జనార్ధనరావు జవాబు పంపేసి, ఒళ్లు విరుచుకున్నాడు.

పక్క కుర్చీలోకి జరిగి ఆ ఉత్తరం పూర్తిచేశాడు.