చేపబొమ్మ తుపాకీ

"చెయ్యి! చెయ్యి తియ్యమ్మా!"

మెర్వ్ టకర్ అరుపుకి ఆస్ట్రేలియాలోని లిత్‌గో టౌన్ హాల్లో సగం మంది చేతుల్లో టీ తొణికింది.

ముసలావిడ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. చెమట తగిలితే ఇనుము తుప్పు పడుతుంది."

"నేను ఇనుము ముట్టుకోలేదు నాయనా. చెక్క ముట్టుకున్నా."

"చెక్క ముట్టుకున్నా చెక్కెయ్యాల్సిందే!"

తన జోకుకి తనే పగలబడి నవ్వాడు మెర్వ్. బల్ల మీది తుపాకీలో గుండు లేదు. ఆ లోటు తెలియకుండా బల్ల వెనక మెర్వ్ తల నిగనిగలాడుతోంది.

అది ఈ ఊరి ఫ్యాక్టరీలోనే పుట్టి, రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. పాత తుపాకులు సేకరించేవాళ్ళంతా ఏటా ఇక్కడ చేరతారు. పోటీలో కప్పు ఒకరికే. పోయినేడు అది మెర్వ్ చేతిదాకా వచ్చి జారిపోయింది.

తుపాకీ ముందు చెక్క మీద ఒక గాటు ఉండేది. దాని పక్కన కత్తిమొనతో గీసిన చిన్న చేపబొమ్మ. ఆ గాటే తన కప్పుకి గండి కొట్టిందని మెర్వ్ తనకు తానే తీర్మానించుకున్నాడు. ఆ చెక్క పీకేసి, గీత లేని కొత్త చెక్క బిగించాడు. ఈసారి కప్పు పెట్టడానికి ఇంట్లో షెల్ఫ్ కూడా ఖాళీ చేసి వచ్చాడు.

"పోయినేడు పేపర్లో ఫోటో వేసింది దీన్నేనా? చేపబొమ్మ తుపాకీ అని?" అడిగింది ముసలావిడ.

"దీన్నే! ఫోటో కంటే బాగుంది కదూ?"

"మరి చేపేది?"

"వేయించుకు తినేశాం!"

ఆవిడ నవ్వలేదు. మెర్వ్ వివరించాడు.

"పాత చెక్కని పొయ్యిలో పెట్టి సాసేజీలు కాల్చుకున్నామమ్మా. ఎవడో పనీపాటా లేని సిపాయి దాన్ని పాడు చేశాడు. సర్కారు సొమ్ము మీద చేపలు గీసేవాడు ఇంక యుద్ధమేం చేసుంటాడు?"

ఆవిడ చాలాసేపు ఆ కొత్త చెక్క వైపు చూసింది.

"దీన్ని ఒక్కసారి నేల మీద నిలబెడతావా బాబూ?"

"అమ్మో! జారి పడిందంటే కప్పు హుళక్కే."

"పోనీలే."

ఆవిడ కొంచెం వంగి, తన తొడ పక్కన గాలిలో అరచెయ్యి బోర్లా పెట్టింది. అలాగే కాసేపు ఉంచింది. కుక్కని నిమురుతోందేమో అనుకుని మెర్వ్ బల్ల మీంచి తొంగి చూశాడు.

కుక్క లేదు.

"చాలా శుభ్రంగా ఉంచావు నాయనా. నా రైలుకి టైమైంది," అని ఆవిడ మెల్లగా వెళ్ళిపోయింది.

ఆవిడ అటు వెళ్ళగానే జడ్జి కెన్ హోల్‌రాయిడ్ ముఖమంతా నవ్వుతో వచ్చాడు.

"ఏరా మెర్వూ, పెద్దావిడ కలిసిందా? ఇంక నీ కప్పుకి ఢోకా లేదురోయ్!"

అంటూనే తుపాకీ వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"చేపేదిరా?"

"తీసేశా. గాటూ లేదు, నీ నోటి ఘాటూ ఉండదు. ఇప్పుడు చెప్పు, ఏం వంక పెడతావో!"

"గాటు వంక అని నీకెవడు చెప్పాడు? తుపాకీ అందరి దగ్గరా ఉందిరా. దాన్ని మోసినవాడెవడో చెప్పగలిగినవాడికే కప్పు. పోయినేడు నువ్వు చెప్పలేకపోయావు, అంతే. అందుకే, పేపర్లో ఫోటో చూసి నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఆవిణ్ణి నీ దగ్గరికి పంపా. ముందు కళ్ళారా చూసుకో, ఇదేనని నమ్మకం కుదిరాకే నోరు విప్పమ్మా అన్నా."

మెర్వ్ గ్లోవ్స్ లాగేసి గుమ్మం వైపు పరుగు తీశాడు. వీధి చివర, స్టేషన్ మలుపు దగ్గర ఎవరూ లేరు.

వెనకే వచ్చిన కెన్‌ని అడిగాడు. "ఆ గాటు సంగతి ఆవిడకేం తెలుసు?"

"న్యూగినీ యుద్ధానికని రైలెక్కే రోజున ఆ తుపాకీ మోసిన సిపాయి, అదిగో ఆ ప్లాట్‌ఫాం మీదే, అప్పుడే నిలబడటం నేర్చిన తన పాపని తుపాకీ పక్కన నించోబెట్టి, తల ఎక్కడికొచ్చిందో అక్కడ గాటు పెట్టాడట. 'నా చేపపిల్ల ఎంత పెరిగిందో వచ్చాక మళ్ళీ కొలుస్తా' అన్నాడట."

"వచ్చాడా?"

"తుపాకీ ఒక్కటే వచ్చింది. ఎనభై ఏళ్ళు దాటాక, నాన్న కొలిచిన ఎత్తు ఒక్కసారి తడిమి చూసుకుందామని ఇవాళ ఆ చేపపిల్ల వచ్చిందిరా."