నిర్జన గ్రామం

"మీ ఊళ్లో మనుషులే లేరంట కదా హుంగన్నా!" అన్నాడు నవీన్, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా.

బల్లకు అవతల నిలబడ్డ హుంగా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "మరి నేనేంది సార్?"

హుంగా ఊరు చింతలమడుగుకు చేతిపంపు కావాలి. బోరు బండి దగ్గరి పట్నం దోర్నపాల్ దాకా వచ్చి ఉంది. సాయంత్రంలోగా జాబితాలో ఊరి పేరు చేరకపోతే అది వెళ్లిపోతుంది. ఆడవాళ్లు వచ్చే ఎండాకాలం కూడా వాగులో చెలమలు తవ్వుకోవాల్సిందే. బోర్ల జాబితా తయారు చేసే ఉద్యోగి కనుక పేరు చేర్చడం నవీన్ చేతిలో పనే. ఆ ఊళ్లో జనం ఉన్నట్టు ఒక్క కాగితం చాలు. హుంగా ఆధార్, రేషన్ కార్డుల మీదేమో, శిబిరంలో ఉన్నప్పుడు ఇచ్చినవి కనుక, దోర్నపాల్ అడ్రసు ఉంది.

ఆఫీసు రికార్డులో ఊరి ఊసే లేదు. నవీన్ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో వెతికాడు. 'చింతలమడుగు నిర్జన గ్రామం' అని ఉంది. ఎవరైనా రాయగల చోటు కనుక పైకి కనబడే మాటను అతను నమ్మడు. మార్పుల చరిత్ర తెరుస్తాడు. ఎవరు రాశారు, ఎవరు కొట్టేశారు, ఏ ఆధారం చూపారు అన్నది చదివితే అబద్ధం దానంతటదే బయటపడుతుందని అతని లెక్క. మనుషుల ముఖాలు చదవడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు.

"చూడన్నా. 'జనం ఉన్నారు' అని ఒకరు మూడుసార్లు రాశారు. మూడుసార్లూ తీసేశారు."

"మా పిల్ల కోసే రాసింది సార్. నా బిడ్డ. హాస్టల్ల ఉండి చదువుతది."

"ఆధారం పెట్టలేదు."

"ఆధారమేంది? అది ఆడనే పుట్టింది."

"పుడితే సరిపోదన్నా, కాగితం ఉండాలి. అవతలాయన వందల ఊళ్ల గురించి రాసినాయన. సర్వే పంచనామా పెట్టాడు."

"ఆయన మా ఊరొచ్చిండా?"

"రానక్కర్లేదు."

"మంచిగుంది. ఉన్నోళ్ల మాట చెల్లదు, రానోళ్ల మాట చెల్లుతది."

నవీన్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఎక్కడో ఇబ్బంది పడ్డాడు. ఇన్నాళ్లూ ఆధారం ఉందా లేదా అనే చూశాడు. ఉందని తెలిస్తే చాలు, మనసు నిమ్మళించేది. దాన్ని తెరిచి చదివింది ఎన్నడు?

పంచనామా మీద నొక్కాడు. హిందీలో రాసిన ఒకే ఒక్క పేజీ. చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. తర్వాత జాబితా తెరిచి చింతలమడుగు పేరు చేర్చి, రుజువుగా ఆ పంచనామానే జత చేశాడు.

"ఏం రాసుంది సార్ దాంట్ల?"

"ఊళ్లో ఎవరూ ఉండటం లేదని ఐదుగురు వేలిముద్రలు వేశారు," అన్నాడు నవీన్. "మొదటి సాక్షి: హుంగా, చింతలమడుగు నివాసి."