బటన్ మీద టేపు

పన్నెండింటికి కంప్యూటర్ ఆగిపోయింది. నాలుగింటికి రిపోర్టులు కావాలి.

భీమవరంలో చెరువు రొయ్యల్ని పరీక్ష చేసే ల్యాబు అది. సారిక అందులో క్లర్కు.

పన్నెండు చెరువుల్లో పట్టుబడి తెల్లవారుతూనే మొదలైంది. రొయ్యలు ఐసులో ఉన్నాయి. రొయ్యల్లో మందుల అవశేషాలు లేవని ఏడాదిగా చేసిన పరీక్షల రిపోర్టులన్నీ చూపిస్తేనే ఎగుమతి కంపెనీవాళ్ళు సరుకు ఎత్తుతారు.

"డిస్కు బాగానే ఉందమ్మా. పోయింది మదర్‌బోర్డు. ముందు దీన్ని ఇంకో డిస్కులోకి కాపీ తియ్యండి, దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరుద్దాం," అన్నాడు మెకానిక్.

ఉన్నది ఆ డిస్కొక్కటే. నెలనెలా కాపీ తీసిపెట్టమని యజమాని చంద్రరావు గారు చెబుతూనే ఉన్నారు. తీస్తున్నానండీ అంటూనే సారిక ఏడాది గడిపేసింది. ఆ సంగతి ఆమెకీ, పైనున్న దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

డిస్కు బ్యాగులో పెట్టుకుని కంప్యూటర్ షాపుకి పరుగెత్తింది.

షాపు ఓనరు శివరామకృష్ణ కొత్త డిస్కొకటి ఇచ్చి, రెండు పెట్టెలు ముందు పెట్టాడు.

"ఇవి డాకింగ్ స్టేషన్లండి. ఇందులో ఒక్క డిస్కే పడుతుంది. ఇందులో అయితే రెండు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి బటన్ నొక్కడమే. కంప్యూటర్‌తో పనే లేదు. గంటన్నరలో మొత్తం ఎక్కేస్తుంది."

"రెండోదే ఇవ్వండి."

"అమ్మా, ఒక్క డిస్కుదే తీసుకోండి."

మూలన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన అన్న మాట అది. ఉతికిన తెల్లచొక్కా, ఒళ్ళో గొడుగు.

"కంప్యూటర్‌కి తగిలించి, ఏది ఏదో కళ్ళారా చూసుకుని కాపీ చేసుకోవచ్చమ్మా. ఈ రెండోది..."

"నాకు టైం లేదండి."

"టైం లేనప్పుడే అమ్మా, చెయ్యి తొందరపడేది."

సారికకి ఒళ్ళు మండింది. పిలవని పేరంటానికి వచ్చినట్టు ఈయనెవరు?

"మీరు షాపు మనిషేనా?"

"కాదమ్మా."

"అయితే ఊరుకోండి."

సారిక డబ్బులిచ్చి, పెట్టె, డిస్కులు బ్యాగులో వేసి బల్ల మీద ఉంచింది.

ఫోను మోగింది. "రిపోర్టులేవమ్మా? ఐసు కరిగిపోతోంది," ఒక రైతు కేకలు. సారిక గుమ్మందాకా వెళ్ళి సర్దిచెప్పింది. వెనక్కి తిరిగింది.

పెద్దాయన రెండు చేతులూ ఆమె బ్యాగులో ఉన్నాయి.

"ఏంటండీ ఆ పని! దొంగతనమా?"

షాపంతా తిరిగి చూసింది.

"ఏమీ తియ్యలేదమ్మా," అన్నాడాయన. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

సారిక గబగబా చూసుకుంది. డిస్కులు రెండూ ఉన్నాయి. పెట్టె కూడా ఉంది. "ఇలాంటివాళ్ళని ఎందుకు కూర్చోబెడతారండీ?" అని ఓనరు మీద విరుచుకుపడింది.

ఓనరు ముఖం చిన్నబోయింది. "మాస్టారూ, ఈ పూటకి వెళ్ళిపోండి," అన్నాడు నెమ్మదిగా.

పెద్దాయన గొడుగు తీసుకుని, తలవంచుకుని మెట్లు దిగాడు. అప్పటికి సారిక ఆటో ఎక్కేసింది.

ల్యాబులో చంద్రరావు గారు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు.

"ఇలా తే! నేను పెడతాను."

కొత్త వస్తువేది వచ్చినా బొట్టు పెట్టందే ముట్టుకోరాయన. కొత్త డిస్కుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కళ్ళకద్దుకున్నారు.

"శుభమా అని కొత్తది వచ్చింది. కొత్తదే ముందుండాలి," అని దాన్ని మొదటి స్లాట్‌లో దించారు. పాతది రెండో దాంట్లోకి వెళ్ళింది.

సారిక చూస్తూనే ఉంది. అందులో తప్పేమీ ఆమెకి కనిపించలేదు.

బటన్ కోసం ఆయన బొటనవేలు తడుముకుంది.

"ఇదేంటి, టేపు? వాడేసిన సరుకు అంటగట్టాడా?" విసుక్కుంటూ గోటితో పీకబోయారు.

"ఉండండి సార్! దాని మీద ఏదో రాసుంది."

సారిక వంగి, సన్నటి గుండ్రటి అక్షరాలు పైకి చదివింది.

"మొదటి స్లాట్‌లో ఉన్నదే రెండో దాంట్లోకి ఎక్కుతుంది. మొదట ఖాళీ డిస్కు పెడితే పాతది మొత్తం చెరిగిపోతుంది. మళ్ళీ రాదు. ఒక్కసారి చూసుకో తల్లీ."

చంద్రరావు గారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సారిక తనే డిస్కులు మార్చి పెట్టింది. టేపు తీసి బటన్ నొక్కింది.

మూడున్నరకి వేరే కంప్యూటర్‌లో రిపోర్టులు తెరుచుకున్నాయి. నాలుగున్నరకల్లా రొయ్యల లారీలు కదిలాయి.

సారిక మాత్రం నేరుగా షాపుకి వెళ్ళింది. స్టూలు ఖాళీగా ఉంది.

"ఆ మాస్టారు ఏరండీ? ఆయన అంటించిన టేపే మమ్మల్ని కాపాడింది. ఆయన కాళ్ళమీద పడాలి నేను."

"వెళ్ళిపోయారండి. ఆశీర్వాదం మాస్టారని, వీరవాసరం నుంచి రోజూ బస్సులో వస్తారు. ఈ పెట్టె కొన్నవాళ్ళందరికీ చెప్పి చెప్పి పంపుతారు. విననివాళ్ళకి అలా ముందే రాసిపెట్టుకున్న టేపు అంటిస్తారు."

"మీ దగ్గర జీతమా?"

"ఇస్తానన్నా పుచ్చుకోరు."

"రేపొస్తారా?"

"రానన్నారండి. దొంగ అనిపించుకున్న గుమ్మం ఇంక తొక్కనన్నారు."

సారికకి ఏడుపొచ్చింది. "నాకేమైతే ఆయనకెందుకండీ అంత బాధ?"

శివరామకృష్ణ ఆమె వైపు చూడలేకపోయాడు.

"చనిపోయిన కూతురు చర్చిలో పాడిన పాటలన్నీ భద్రంగా దాచుకుందామని రెండేళ్ళ క్రితం నా దగ్గరే ఈ పెట్టె కొనుక్కెళ్ళి, ఖాళీ డిస్కు ముందు పెట్టి బటన్ నొక్కేసిన తండ్రండి ఆయన."