వచ్చే ముక్క

గూడబాతు సింగన్న తన ముక్కు కింది సంచిని చెరువు చెరువంతా చూసేలా సాగదీసి నిలబడేవాడు. అది గొప్ప చూపించుకోవడం కాదట, చిన్నపిట్టలకు నీడ ఇవ్వడమట.

ఆ ఏడు చెరువు ఎండిపోయింది. ఆ సంచిలో పడే చేపే లేకపోయింది. సింగన్న పెళ్లాం నూకాలు బతుకుతెరువు వెతుక్కుంటూ దూరదేశపు చెరువుకు ఎగిరిపోతూ, గూట్లో పిల్లతో "వెళ్లొస్తానే తల్లీ" అంది.

అటునుంచి వచ్చే బాతుల చేత చేపలు పంపిస్తోంది. పిల్ల మాత్రం రెండు రోజులుగా నోరు తెరవడం లేదు.

"తినవే, మీ అమ్మ పంపింది," అని బతిమాలాడు సింగన్న.

"అమ్మ వెళ్లొస్తానంది. వెళ్లడం అయిపోయింది. వచ్చే ముక్క ఏది నాన్నా?"

"అది వెనకాల వస్తోందే. బరువు కదా, మెల్లిగా వస్తుంది."

"వచ్చాకే తింటా."

సింగన్న తల గోక్కున్నాడు. "పోనీ, నువ్వు తిని రెక్కలు పెంచు. మనమే ఎదురెళ్లి తెచ్చుకుందాం."

పిల్ల తన చిట్టి రెక్కలు చూసుకుని నోరు తెరిచింది. ఉన్న చేపలన్నీ మింగేసింది. సింగన్న మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

బురదలో ఇంకేమైనా దొరుకుతుందేమోనని దిగబోతే పిల్ల అతని రెక్క పట్టుకుంది. "నాన్నా, నువ్వు మాత్రం వెళ్లొస్తా అనకు."

"మరేమనాలే?"

ఆ మాట అనకుండా గూడు దిగడం ఎలాగో సింగన్న ఇప్పటికీ నేర్చుకోలేదు.