వీసా లేని కాపురం

“గడువు దాటి ఎన్నాళ్లయింది?” అడిగాడు పోలీసు సారు, పెన్ను మూత తీస్తూ.

“ఏడేండ్లు సార్!” జగదీష్ గొంతులో హుషారు దాగలేదు. “కువైట్లో పరిచయం. ధర్మవరం పిలుచుకొచ్చి తాళి కట్టినా. ఆర్నెల్లకే వీసా అయిపాయ.”

“మళ్లీ తీసుకోలేదా?”

“తాళి కట్టినాక ఇంగ వీసా ఎందుకు సార్? మా వీధిలో ఎవుర్నడిగినా అదే మాట అన్నారు.”

శ్రీలంక పిల్ల దిలిని అతని ఇంట్లో ఆరేళ్లకు పైగా మగ్గం నేసింది. తాగొచ్చి కొడుతుంటే ఎంతకని ఓర్చుకుంటుంది పాపం! పోయినేడు కూతురు యామినిని చంకనేసుకుని హిందూపురం పోయి, బట్టల షాపులో పనికి కుదిరింది. బిడ్డ నాకే కావాలని జగదీష్ కోర్టుకెక్కాడు. ఐదేళ్ల పిల్ల తల్లి దగ్గరే ఉండనీ అనేట్టున్నాడు జడ్జి. అప్పుడు తట్టింది మనవాడికి మహా తెలివి. తల్లినే దేశం దాటిస్తే బిడ్డ యాడికి పోతుంది, నాయన దగ్గరికి కాక! వెంటనే పెనుకొండ పోలీసాఫీసుకు వచ్చి, దిలినికి వీసా లేదని ఫిర్యాదు రాసిచ్చాడు.

ఈరోజు విచారణ. దిలినినీ పిలిపించారు.

“నాయనా!” అంటూ యామిని పరిగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకుంది. జగదీష్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని తప్పులున్నా, ఈ పిల్లంటే అతనికి ప్రాణం.

దిలిని రెండు చేతులూ జోడించింది. “నన్ను కొట్టినావు, పడినా. వీసా అయిపోయిన తేదీ మాత్రం రాయించొద్దయ్యా. పాప కోసమన్నా...”

“ఓహో! ఇప్పుడు తెలిసొచ్చిందా భయమంటే? ఊరికే పాపనెందుకు అడ్డం పెట్టుకుంటాండావు?”

సారు పెన్ను ఆపాడు. “బాగా ఆలోచించి చెప్పప్పా. పాప పుట్టేనాటికి ఈమెకు వీసా లేదంటావు?”

“లేదంటే లేదు సార్! అప్పటికే ఏడాది దాటింది. సంతకం యాడ పెట్టాల?”

పెట్టాడు, ఒత్తి మరీ. దిలిని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. జగదీష్ అటు చూడనైనా చూడలేదు. కూతుర్ని ఎత్తుకుని బుగ్గ ముద్దాడాడు.

“పా తల్లీ, ధర్మవరం పోదాం. అవ్వ నీకోసం ఓళిగలు చేసి పెట్టుంటాది.”

“దింపప్పా పాపను,” అన్నాడు సారు.

“ఎందుకు సార్?”

“నాయన మనోడైనా, పుట్టేనాటికి తల్లికి వీసా లేకుంటే బిడ్డకు మన పౌరసత్వం రాదు. లేదని నువ్వే రాసిస్తివి గదా.”

జగదీష్ పాపను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

“పాప కూడా లంకకే పోవాల.”