కొత్తనీళ్ల పండుం

"పిల్లల్ని చంపుతున్నది మీరే! ఇంకెవరూ కాదు, మీరే!"

ఇంజినీరు చక్రధరరావు కుర్చీలోంచి లేవకుండానే అరిచాడు.

ఆరోగ్య శిబిరం టెంటు కింద, గూడెం నుంచి వచ్చిన ముయె ఒళ్లో ఆమె పసివాడు తోటకూర కాడలా వాలిపోయి ఉన్నాడు. నిన్నటి నుంచి వాంతులు, నీళ్ల విరేచనాలు. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు రావడం లేదు. నర్సు ఊర్మిల చెంచాతో ఓఆర్‌ఎస్ నీళ్లు పడుతోంది.

"పోయినసారీ ఇదే రోగం. నీ పాలు ఆపకు. జావ మళ్లీ వాగు నీళ్లతోనేనా?"

"వాగు గాక ఇంకేముందక్కా?"

"ఏముందా?" చక్రధరరావు కస్సుమన్నాడు. "మిరప కోతల నుంచి మీరొచ్చేసరికి ఊళ్లో బోరింగు వేయించి పెట్టా. కొబ్బరికాయ కొట్టింది నేనే. ఒక్కళ్లన్నా ముట్టుకున్నారా?"

"కొత్త పంటయినా, కొత్త నీళ్లయినా మా పెర్మ పూజ జేసి పండుం పెట్టేదాక ముట్టం సార్. మా తాతల నేమం. నీకు తెల్వదా ఏంది?"

"తెలుసు! బాగా తెలుసు! పండగంటూ మీ పూజారి కోడిని కోసేదాకా పిల్లాడు మురికినీళ్లు తాగి కక్కుకోవాలి. జంగ్లీ నేమం! నర్సమ్మా, తప్పు తల్లిదని రాసుకో."

ఊర్మిల పెన్ను తీయలేదు. ముయె తల దించలేదు.

"నా బిడ్డకు ఆగే ఓపిక లేదని నిన్ననే పెర్మను గుంజుకొచ్చి పండుం జేయించిన సార్."

"శభాష్! ఇప్పుడు దారికొచ్చారు."

అప్పుడే ముయె మొగుడు కేసా, అతని తమ్ముడు హుంగా కర్రకు కట్టిన బరువు మోసుకొచ్చి టెంటు ముందు దించారు. పైన గోనెపట్టా కప్పి ఉంది.

చక్రధరరావు మొహం వెలిగింది. "ఏంటిది, పండుం వాటానా? కోళ్లా, పందా?"

"నీ వాటానే సార్. ఇప్పవయ్యా!"

కేసా గోనెపట్టా లాగేశాడు.

బోరింగు పంపు. పిడితో సహా. అడుగున సిమెంటు పెళ్లలు తప్ప పైపు ముక్క కూడా లేదు.

"పండుం అయినంక మొదట నేనే కొట్టిన. రెండు ఊపులకే ఊడి చేతికొచ్చింది. కింద బొక్కే లేదు, ఉత్త మట్టి." ముయె బిడ్డను భుజానికెత్తుకుంది. "లే సార్. బోరు బండిని ఇప్పుడే పిలువు. మా ఊళ్లో నీళ్లు పడేదాక ఆ కుర్చీ ముట్టకు. ఇయ్యాల్టి నుంచి నీకూ నేమమే!"